భయం, విశ్వాసం, వాక్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రార్థన కూడికలు ముగిశాక, ఆసుపత్రి వార్డుల బయట, రాత్రి పొద్దుపోయాక వచ్చే ఫోన్లలో మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టాను. వాక్యాలు మన ఇళ్లలో ఉండే పాత తెలుగు బైబిల్లోవి. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదట్లో వచ్చే సందేహాలు

నాకు ఇంత భయం వేస్తోందంటే నా విశ్వాసం తక్కువనా? భయపడటం పాపమా?

కాదు. అసలు భయమే ఎరగని భక్తుడు బైబిల్లో వెదికినా దొరకడం కష్టం. అబ్రాహాము ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పాడు. గిద్యోను మిద్యానీయుల కంట పడకుండా గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతుంటే దేవదూత అతని దగ్గరికి వచ్చాడు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో, బయట పోరాటాలూ లోపల భయాలూ ఉన్నాయని తన గురించి తానే దాపరికం లేకుండా రాశాడు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు ఎంత వేదనపడ్డాడో మార్కు 14, లూకా 22 చెబుతాయి. పాపమే లేని ఆయన అంత వేదనలో ఉన్నాడంటే, గుండె దడదడలాడటమే పాపం ఎలా అవుతుంది?

చూసుకోవలసింది, ఆ భయం మనల్ని ఎటు తీసుకెళ్తోందన్నది. పేతురు భయపడి ప్రభువెవరో నాకు తెలియదన్నాడు. దావీదు గాతులో ఫిలిష్తీయులకు చిక్కినప్పుడు భయపడే దేవుణ్ణి పట్టుకున్నాడు. "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" (కీర్తన 56:3). భయం రాని రోజు గురించి కాదు, వచ్చిన రోజు గురించే ఆ మాట.

ఒకచోట "భయపడకుము" అంటాడు, ఇంకోచోట దేవునికి భయపడమంటాడు. ఏది పాటించాలి?

రెండూ. నిర్గమకాండము 20:20లో మోషే ఆ రెండు మాటలనూ ఒకే వాక్యంలో అంటాడు. సీనాయి కొండ మీద ఉరుములు, పొగ చూసి జనం వణికిపోతుంటే ముందు భయపడకండి అన్నాడు, వెంటనే మీరు పాపం చేయకుండా దేవుని భయం మీకు ఉండాలన్నాడు. మొదటిది దేవుడు మనల్ని నాశనం చేస్తాడేమోనని పారిపోయే భయం. రెండోది ఆయన గొప్పతనం తెలిసి, ఆయన మనసు నొప్పించకూడదని ఒళ్లు దగ్గర పెట్టుకోవడం. ఈ రెండోది ఉన్నవాళ్లకు మనుషుల భయం తగ్గుతుంది. ఐగుప్తులోని హెబ్రీయుల మంత్రసానులు దేవునికి భయపడ్డారు కాబట్టే ఫరో ఆజ్ఞను పక్కనపెట్టి మగపిల్లలను బతకనిచ్చారు.

బైబిల్లో "భయపడకుము" అని రోజుకొకటి చొప్పున 365 సార్లు ఉందట కదా?

ప్రసంగాల్లో, వాట్సాప్‌లో తరచూ వినపడే మాటే ఇది. కానీ వాడుకలో ఉన్న అనువాదాల్లో లెక్కపెడితే ఆ మాట అన్నిసార్లు రాదు. దిగులుపడకుము, జడియకుము, ధైర్యము తెచ్చుకొనుడి లాంటివి కలుపుకుంటూ పోతే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తుంది. మంచి ఉద్దేశంతో చెప్పినా సరే, నిజం కాని లెక్కతో వాక్యానికి బలం తేనక్కర్లేదు. ఒక్కసారి చెప్పినా అది దేవుని మాటే.

నమ్మకంగా ప్రార్థిస్తే చెడు ఏదీ జరగదని దేవుడు మాటిచ్చాడా?

ఎక్కువమంది మనసు విరిగేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను. ఆయన అలా మాట ఇవ్వలేదు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం చదవండి. హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. అదే అధ్యాయంలో పేతురును దూత చెరసాల నుంచి బయటికి తీసుకొచ్చాడు. ఇద్దరూ అపొస్తలులే, ఇద్దరూ ప్రభువుకు దగ్గరివాళ్లే. యాకోబుకు విశ్వాసం తక్కువై చనిపోయాడని లేఖనం ఎక్కడా అనదు.

షద్రకు, మేషాకు, అబేద్నెగోలు నెబుకద్నెజరుతో అన్నదీ ఇదే. మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. వాళ్లను అగ్నిగుండంలో వేయకుండా దేవుడు ఆపలేదు. గుండంలోకి వెళ్లాక నాలుగోవాడు వాళ్లతో కనబడ్డాడు.

మరి దేవుడు ఏం మాటిచ్చాడు? యెషయా 41:10 చూడండి. "నీకు తోడైయున్నాను భయపడకుము నేను నీ దేవుడనై యున్నాను దిగులుపడకుము." భయపడకపోవడానికి ఆయన చూపించే కారణం "ఏమీ జరగదు" అని కాదు, "నేను ఉన్నాను" అని. యెహోషువతో అన్నదీ, కొరింథులో పౌలుతో అన్నదీ ఇదే వరస. 91వ కీర్తనను ప్రమాదాలు రాకుండా కాపాడే హామీపత్రంలా వాడకండి. ఆ కీర్తనలోని మాటలే చూపించి దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని యేసును శోధించింది సాతాను.

## భయం పట్టుకున్న ఆ సమయంలో

అర్ధరాత్రి గుండె దడతో మెలకువ వచ్చేస్తుంది, ఊపిరి ఆడదు. అప్పుడు ఏం చేయాలి?

ఛాతీలో నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు ఉంటే ముందు ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చేయండి. ప్రార్థన దారిలో చేయొచ్చు. ఇదే మొదటిసారి అయితే కూడా డాక్టరుకు చూపించుకోవాలి.

గుండె బాగానే ఉందని డాక్టరు చెప్పాక కూడా ఇలా వస్తుంటే, అది పానిక్ ఎటాక్ కావచ్చు. ప్రాణం పోతున్నట్టే ఉంటుంది కానీ కొద్ది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది. లేచి కూర్చోండి. పాదాలు నేలకు ఆనించండి. గాలి మెల్లగా పీల్చి, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలండి. పీల్చేటప్పుడు మనసులో "నీవు నాకు తోడై యుందువు" అనుకోండి, వదిలేటప్పుడు "ఏ అపాయమునకు భయపడను" అనుకోండి. రెండూ 23వ కీర్తనలోవే. పక్కన ఎవరైనా ఉంటే లేపండి. "వాళ్ల నిద్ర పాడవుతుందేమో" అని ఒక్కరే చీకట్లో కూర్చోకండి. యేసు కూడా గెత్సేమనే తోటలో ఆ రాత్రి ముగ్గురు శిష్యులను దగ్గర ఉండి మెలకువగా ఉండమని అడిగాడు.

భయంలో ప్రార్థనకు మాటలే రావు. అలాంటప్పుడు ఎలా?

పేతురు నీళ్లలో మునిగిపోతూ చేసిన ప్రార్థన "ప్రభువా, నన్ను రక్షించుము". అంతే. యేసు వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడు, "అల్పవిశ్వాసీ" అన్న మాట ఆ తర్వాతే వచ్చింది. శత్రుసైన్యం మీదికి వస్తుంటే యెహోషాపాతు రాజు ప్రజలందరి ముందు నిలబడి "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు" అన్నాడు (2 దినవృత్తాంతములు 20:12). ఆ మాట మీరూ అనొచ్చు. అదీ రాకపోతే ఏడవండి. మనకు ప్రార్థించడం తెలియనప్పుడు ఆత్మయే మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో ఉంది.

ఏ వాక్యం కంఠతా పట్టాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒకేసారి ఇరవై పెట్టుకోకండి, కష్టకాలంలో ఒక్కటీ గుర్తురాదు. ఒకటి తీసుకుని నాలుక మీదికి వచ్చేదాకా పట్టుకోండి. నిద్ర పట్టనివాళ్లకు కీర్తన 4:8, ఒంటరిగా ఉండేవాళ్లకు యెషయా 41:10, మనుషులకు భయపడేవాళ్లకు కీర్తన 27:1, పిరికివాణ్ణి అని తమను తాము తిట్టుకునేవాళ్లకు 2 తిమోతి 1:7. చింత ఎక్కువగా ఉన్నవాళ్లకు నేను ముందు చెప్పేది ఫిలిప్పీయులకు 4:6, 7. "దేనినిగూర్చియు చింతపడకుడి" అని రాసినవాడు సంకెళ్లలో ఉన్నాడు, తీర్పు ఎటు పోతుందో తెలియని స్థితిలో ఉన్నాడు. కడుపు నిండినవాడి సలహా కాదది.

## రోజూ వెంటాడే భయాలు

రోజూ బైబిలు చదువుతున్నా భయం తగ్గట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

తప్పు చేస్తున్నారని అనుకోవద్దు. అయితే చదివే పద్ధతి ఒకసారి చూసుకోండి. చాలామంది ధైర్యం చెప్పే వాక్యాలను మాత్రమే ఏరుకుని, మాత్ర వేసుకున్నట్టు చదివి, ఎప్పుడు పనిచేస్తుందా అని ఎదురుచూస్తారు. కీర్తనలు అలా నడవవు. 55వ కీర్తనలో దావీదు ముందు తన స్థితి అంతా చెప్పుకుంటాడు. గుండె వేదనపడుతోందని, వణుకు పుడుతోందని, గువ్వలా రెక్కలుంటే ఎగిరిపోయేవాణ్ణని. "నీ భారము యెహోవామీద మోపుము" అన్న మాట 22వ వచనంలో గానీ రాదు. మనం నేరుగా 22కి దూకేస్తాం.

ఒక వారం ఇలా చేసి చూడండి. ఒక కీర్తన మొత్తం, గొంతెత్తి, నెమ్మదిగా చదవండి. మీకు దేని భయమో కాగితం మీద పేరు పెట్టి రాయండి. "ఏదో భయంగా ఉంది" అని కాకుండా "స్కానింగ్ రిపోర్టులో ఏం వస్తుందోనని భయం" అని. దాన్నే దేవునికి చెప్పండి. 88వ కీర్తన చివరిదాకా చీకట్లోనే ముగుస్తుంది, అయినా అది లేఖనంలో ఉంది. ఆ రోజుకు మీ ప్రార్థన కూడా అక్కడే ఆగిపోతే దేవుడేమీ అనుకోడు. పడుకునే ముందు ఫోన్లో వార్తలు, యాక్సిడెంట్ వీడియోలు చూడటం మానండి. చిన్న సంగతే గానీ చాలామందికి రాత్రులు దీనితోనే బాగుపడ్డాయి.

ఉద్యోగం, అప్పులు, పిల్లల ఫీజులు... రేపటి గురించే టెన్షన్. "చింతపడకుడి" అంటే ప్లాన్ చేసుకోవద్దనా?

యేసు వద్దన్నది రేపటి బరువును ఈ రోజే మోయడం. "ఏనాటికీడు ఆనాటికి చాలును" అన్నాడు (మత్తయి 6:34). ముందుచూపును ఆయన తప్పుపట్టలేదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది కూడా ఆయనే. నెహెమ్యా శత్రువులు దాడి చేస్తారని తెలిసి దేవునికి ప్రార్థించాడు, రాత్రింబగళ్లు కాపలా కూడా పెట్టాడు.

కాబట్టి అప్పుల లెక్క అంతా ఒక కాగితం మీద రాయండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు. దాచిన అప్పు రాసిన అప్పుకన్నా ఎక్కువ భయపెడుతుంది. భార్యకో భర్తకో చెప్పండి. లోన్ యాప్ వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తుంటే అది నేరం, సిగ్గుపడకుండా పోలీసులకు చెప్పండి. పక్షులను పోషించే తండ్రి గురించి చదివాక ఈ పనులన్నీ చేయడం అవిశ్వాసం కాదు.

మాకెవరో చేతబడి చేశారంటున్నారు. నమ్ముకున్నాక కూడా ఆ భయం పోవట్లేదు.

తరాల నుంచి ఇళ్లలో పాతుకున్న భయమిది, బాప్తిస్మం తీసుకున్న మర్నాడే పోకపోతే ఆశ్చర్యం లేదు. ఎఫెసులో విశ్వాసులైనవాళ్లు కూడా మాంత్రిక పుస్తకాలను ఇళ్లలో ఉంచుకున్నారు. తర్వాత వాటిని తెచ్చి అందరి ముందు కాల్చేశారు, వాటి విలువ 50,000 వెండి నాణేలని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. "మీలో ఉన్నవాడు లోకములో ఉన్నవానికంటె గొప్పవాడు" (1 యోహాను 4:4) అన్నది మనం నిలబడే చోటు.

ఒక్క జాగ్రత్త. తాయెత్తు విప్పేసి ఆ స్థానంలో నూనె సీసా, దిండు కింద బైబిలు పెట్టుకుంటే భయం పేరు మారింది, అంతే. స్కెవ కొడుకులు ఏడుగురు యేసు పేరును మంత్రంలా వాడబోయి దెబ్బలు తిని పారిపోయారు. ఇంకొకటి, జబ్బు చేస్తే ఫలానా పొరుగింటావిడే చేసిందని అనుమానించకండి. ఆ అనుమానాలతో మన పల్లెల్లో అమాయకుల ప్రాణాలు పోయాయి. డాక్టరుకు చూపించండి, ఆ పొరుగింటావిడ కోసం ప్రార్థించండి.

చావంటే చచ్చేంత భయం. పరలోకం ఉందని నమ్ముతూనే ఎందుకిలా?

1736 జనవరిలో జాన్ వెస్లీ ఓడలో అట్లాంటిక్ దాటి జార్జియాకు వెళుతుండగా పెద్ద తుపాను వచ్చింది. ఆయన అప్పటికే అభిషేకం పొందిన పాదిరి, కఠినమైన భక్తిజీవితం గడిపేవాడు, అయినా చావు భయం పట్టుకుంది. ఓడలో ఉన్న, మొరేవియన్ అనే సంఘానికి చెందిన జర్మన్ విశ్వాసులు కెరటం ఓడ మీద విరుచుకుపడుతున్నా కీర్తన ఆపలేదు. తర్వాత ఆయన వాళ్లలో ఒకరిని మీకు భయం వేయలేదా అని అడిగితే, లేదు, మా ఆడవాళ్లకూ పిల్లలకూ కూడా చావంటే భయం లేదని జవాబు వచ్చింది. వాళ్లకున్నది తనకు లేదని వెస్లీ గ్రహించాడు. 1738 మే నెలలో లండన్‌లో ఒక కూడికలో, క్రీస్తు తన పాపాలనే తీసివేశాడన్న నిశ్చయత ఆయనకు కలిగింది. నడుమ రెండేళ్లకు పైగా పట్టింది.

మరణభయంతో జీవితకాలమంతా బానిసలైనవాళ్లను విడిపించడానికే క్రీస్తు రక్తమాంసాల్లో పాలుపంచుకుని మరణించాడని హెబ్రీయులకు 2:14, 15 చెబుతుంది. ఆ విడుదల ఒక్క రోజులో వచ్చినా, ఏళ్ల మీద వచ్చినా ఆయన పనే. ఆప్తులను విడిచి వెళ్లాలన్న బాధ వేరు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు, కాబట్టి ఆ బాధను అవిశ్వాసమని ఎవరూ అనకూడదు.

మా అబ్బాయికి ఇంటర్ పరీక్షలంటే వణుకు. ఏ వాక్యం చెప్పమంటారు?

వాక్యం కన్నా ముందు, మార్కులు ఎన్నొచ్చినా ఇంట్లో నీ చోటు నీదేనని మీ నోటితో చెప్పండి. బాప్తిస్మం రోజున తండ్రి "ఈయనే నా ప్రియ కుమారుడు" అన్నది యేసు ఒక్క అద్భుతమైనా చేయకముందే. ఆ తర్వాత యెహోషువ 1:9 కలిసి చదువుకోండి.

## డాక్టర్లు, మందులు

భయానికి మందులు వాడితే, సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే దేవుణ్ణి నమ్మనట్టా?

షుగరుకు మాత్ర వేసుకునేవాళ్లను మనం ఈ ప్రశ్న అడగం. మెదడూ దేవుడు చేసిన అవయవమే. థైరాయిడ్ తేడా వల్ల కూడా గుండె దడ, కంగారు వస్తాయి, రక్తపరీక్ష చేయిస్తే గానీ తెలియదు. లూకా వైద్యుడు, పౌలు అతన్ని ప్రియుడైన వైద్యుడని పిలిచాడు. యెజెబెలుకు భయపడి ఏలీయా చావాలనుకున్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పంపాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాట్లాడింది తర్వాత.

మన తెలుగు సంఘాల చరిత్రలో కూడా సువార్త, ఆసుపత్రి వేరువేరుగా రాలేదు. లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు, ఆమె కట్టించిన ఆసుపత్రి 1898లో తెరిచారు. ప్రార్థించే చేతులతోనే ఆమె వైద్యం చేశారు.

పాస్టర్ గారు మందులు ఆపేసి విశ్వాసంతో నిలబడమన్నారు. ఆపేయనా?

ఆపొద్దు. ఈ మందులు కొన్నిటిని ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. తగ్గించాలన్నా మానాలన్నా రాసిచ్చిన డాక్టరే చెప్పాలి. యేసు కుష్ఠరోగిని బాగుచేశాక, వెళ్లి యాజకునికి చూపించుకోమన్నాడు. స్వస్థత నిజమైతే పరీక్షకు నిలబడుతుంది. ప్రార్థనకు ఇంత అని డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి.

ఈ భయంతో బతకడం కన్నా చనిపోవడమే మేలనిపిస్తోంది.

ఇప్పుడే ఎవరికైనా చెప్పండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో ఒకరిని మీ పక్కనే ఉండమనండి, మందులు, పురుగుమందు లాంటివి అందకుండా తీసేయమనండి. మోషే, ఏలీయా, యోనా ముగ్గురూ చావును కోరుకున్నారు. దేవుడు ముగ్గురినీ విడిచిపెట్టలేదు, ముగ్గురికీ ఆ కోరిక తీర్చలేదు.

## ఇంట్లో, సంఘంలో

మా అమ్మకు భయాలు ఎక్కువ. ఎంత వాక్యం చెప్పినా వినదు. ఏం చేయాలి?

కొన్నాళ్లు చెప్పడం ఆపి పక్కన కూర్చోండి. యోబు స్నేహితులు చేసిన మంచిపని ఏదైనా ఉందంటే, మొదటి ఏడు రోజులు నోరు తెరవకుండా అతనితో నేల మీద కూర్చోవడమే. "భయపడకమ్మా, నీకు విశ్వాసం లేదు" అన్న మాట భయానికి తోడు తప్పు చేశానన్న బాధను కూడా పెడుతుంది. "ఏం భయంగా ఉందమ్మా?" అని అడిగి పూర్తిగా వినండి. తర్వాత ఆమెకు ఇష్టమైన పాత కీర్తన కలిసి పాడండి. ఆసుపత్రికి వెళ్లాలంటే తోడు వెళ్లండి.

నా భర్తంటేనే నాకు భయం, కొడతాడు. ఓర్చుకుని ప్రార్థించమంటున్నారు. అదే దేవుని చిత్తమా?

కాదమ్మా. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు ప్రార్థిస్తూ గోడకు ఆనుకుని నిలబడలేదు, తప్పించుకుని పారిపోయాడు. ఒక ఊళ్లో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మని యేసే చెప్పాడు (మత్తయి 10:23). లోబడి ఉండమన్న వాక్యం (ఎఫెసీయులకు 5) చూపించేవాళ్లకు, అదే అధ్యాయంలో భర్త తన సొంత శరీరంలా భార్యను ప్రేమించాలని ఉన్న సంగతి చూపించండి. మీరు, పిల్లలు క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి. మహిళల సహాయానికి 181, అత్యవసరంలో 112. క్షమించడం, ఆ ఇంట్లోనే దెబ్బలు తింటూ ఉండటం ఒకటి కాదు. క్షేమంగా ఉన్న చోటి నుంచి కూడా ప్రార్థించవచ్చు.

నేను యేసును నమ్ముకున్నానని ఇంట్లో చెప్పాలంటే భయం.

నీకొదేము మొదట రాత్రిపూటే వచ్చాడు. యేసు అతన్ని పగలు రమ్మని తిప్పి పంపలేదు, ఆ రాత్రే కూర్చుని మాట్లాడాడు. శిష్యులు పారిపోయిన రోజున అదే నీకొదేము సుగంధ ద్రవ్యాలతో బాహాటంగా సమాధి దగ్గరికి వచ్చాడు. తొందరపడకండి. ముందు ఇంట్లో అమ్మానాన్నలతో మీ నడవడి మారనివ్వండి, వాళ్ల దేవుళ్లను తూలనాడకండి. చెప్పేటప్పుడు మర్యాదగా, నిజాయితీగా చెప్పండి.

## కొంతకాలం గడిచాక

భయం పోయిందని సాక్ష్యం కూడా చెప్పాను. మళ్లీ వచ్చింది. అప్పుడు చెప్పింది అబద్ధమా?

అబద్ధం కాదు. ఆ రోజు దేవుడు చేసింది నిజం, ఈ రోజు వచ్చిన భయమూ నిజం. పౌలు కొరింథుకు వచ్చేనాటికి ఫిలిప్పీలో బెత్తం దెబ్బలు తిని, చెరసాలలో అర్ధరాత్రి కీర్తనలు పాడి, పునాదులు కదిలిన భూకంపం చూసి ఉన్నాడు. అంత చూసినవాడు కూడా కొరింథులో "భయముతోను ఎంతో వణకుతోను" ఉన్నానని రాశాడు (1 కొరింథీయులకు 2:3). అప్పుడు ప్రభువు రాత్రివేళ దర్శనంలో, పాత దెబ్బలు గుర్తుచేసి ఇంకా ఎందుకు భయం అని నిలదీయలేదు. భయపడక మాట్లాడు, మౌనంగా ఉండకు, నేను నీకు తోడైయున్నాను, ఈ పట్టణంలో నాకు చాలామంది జనం ఉన్నారు అన్నాడు (అపొస్తలుల కార్యములు 18:9, 10). పౌలు అదే ఊళ్లో ఏడాదిన్నర ఉండి బోధించాడు.

మీ సంఘంలో ఇద్దరికి చెప్పండి, మళ్లీ వచ్చిందని. ఆపేసిన కౌన్సిలింగ్ ఉంటే తిరిగి మొదలుపెట్టండి. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో చూసుకోండి. మొదటిసారి మీకు ధైర్యమిచ్చిన వాక్యాన్నే మళ్లీ తెరవండి, కొత్తది వెదకాల్సిన పని లేదు.